క్యాసెట్ల కాలం గాయనికి ఊళ్ళో, ఇండస్ట్రీలో గుర్తింపు రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా ఊరి పెద్దమ్మ ఒకప్పుడు బతుకమ్మ పాటలు, జాతర పాటలు, జానపదాలు క్యాసెట్లకు పాడింది. సినిమాల్లో కూడా ఒకటి రెండు చోట్ల ఆమె గొంతు వినిపిస్తుంది. ఇప్పుడు డెబ్బై దాటింది, పాడటం ఎప్పుడో మానేసింది. ఊళ్ళో పిల్లలకు ఆమె ఎవరో తెలియదు, ఇండస్ట్రీవాళ్ళు పట్టించుకోలేదు. యువజన సంఘం తరఫున ఘనంగా సన్మానం చేద్దామనుకుంటున్నాం. పద్మశ్రీకి పంపొచ్చా? లేక ఆలస్యమైపోయిందా?"

ఆలస్యమైంది, నిజమే. కానీ చేయి దాటిపోలేదు. నేను హనుమకొండలో చాలా ఏళ్ళుగా సాంస్కృతిక కార్యక్రమాల పనిలో ఉన్నాను. పెద్ద వయసు కళాకారులకు పెన్షన్ దరఖాస్తులు, అవార్డు నామినేషన్లు రాసిపెట్టే పని కూడా ఎక్కువగా నా దగ్గరికే వస్తుంది. కాబట్టి సూటిగా చెప్తాను: సన్మానంతో మొదలుపెట్టకండి, ఆమె పాడిన పాటల జాబితాతో మొదలుపెట్టండి. ఊరి గుర్తింపు పూర్తిగా మీ చేతిలో ఉంది, వచ్చే బతుకమ్మకల్లా సాధించవచ్చు. ఇండస్ట్రీ గుర్తింపు, ప్రభుత్వ గుర్తింపు మాత్రం కాగితాలతోనే వస్తాయి. జాబితా లేకపోతే ఆ కాగితాల్లో రాయడానికి ఏమీ ఉండదు.

ముందు ఈమెలాంటి వాళ్ళు ఎందుకు మరుగునపడ్డారో చెప్తాను. అది అర్థమైతే ఏం చేయాలో సగం తెలిసిపోతుంది.

ఒక పాత క్యాసెట్ అట్టను చేతిలోకి తీసుకుని చూడండి. ముందు వైపు అమ్మవారి బొమ్మ, కంపెనీ గుర్తు, ధర ఉంటాయి. మడత విప్పితే ఏ సైడు, బి సైడు పాటల వరుస ఉంటుంది. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో 'గానం' అని ఉండి, పక్కన ఒక పొడి అక్షరం, ఒక పేరు, ఆ తర్వాత 'బృందం' అని ఉంటుంది. కొన్నిటిలో అదీ ఉండదు. రచన దగ్గర 'జానపదం' అని రాసి వదిలేస్తారు. ఆ అట్ట పోయిందంటే పాట మిగులుతుంది, పాడిన మనిషి పోతుంది. ఆ తర్వాత ఎవరో ఆ పాటను కంప్యూటర్లోకి ఎక్కించి యూట్యూబ్‌లో పెడతారు. లక్షల మంది వింటారు. కింద పేరు ఉండదు.

డబ్బు సంగతీ అంతే. ఒక పూట రికార్డింగు, చేతిలో కొంత సొమ్ము, బస్సు చార్జీలు, దాంతో లెక్క సరి. అగ్రిమెంటు ఉండేది కాదు. ఉన్నా దాని కాపీ గాయకుల ఇంట్లో దొరకదు.

మూడో కారణం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన అవార్డుల్లో ఈ కోవ గాయకులకు చోటు లేదు. నంది అవార్డులు సినిమాకు, టీవీకి, నాటకానికి ఇచ్చారు. 2025 జూన్‌లో తొలిసారి అందజేసిన గద్దర్ అవార్డులూ సినిమా అవార్డులే. పల్లెపల్లెలో మైకుల్లో మోగిన ప్రైవేటు క్యాసెట్ పాట ఏ విభాగంలోకీ రాదు. ఆమెకు అవార్డు రాకపోవడం ఆమె ప్రతిభకు సంబంధించిన విషయం కాదు. ఇది ఊళ్ళో గట్టిగా చెప్పండి, ఎందుకంటే "అంత గొప్పదైతే ఎందుకు రాలేదు?" అని అడిగేవాళ్ళు తప్పకుండా ఉంటారు.

ఇక జాబితా. ఆమె దగ్గర కూర్చుని ఒక్కో పాటకు ఇవి రాసుకోండి: పాట మొదటి లైను, క్యాసెట్ పేరు, కంపెనీ, సుమారుగా ఏ సంవత్సరం, ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఏ స్టూడియో, పక్కన ఎవరు పాడారు, డోలక్ ఎవరు, హార్మోనియం ఎవరు. సంవత్సరం అడిగితే పెద్దవాళ్ళకు గుర్తుండదు. "పెద్దబిడ్డ పుట్టక ముందా, పుట్టినాకనా?" అని అడగండి, టక్కున చెప్తారు. డోలక్ వాయించినాయన ఇంకా బతికుంటే ఆయన దగ్గరికీ వెళ్ళండి. గాయని మరిచిపోయిన పాటలు వాద్యకారులు చెప్పిన సందర్భాలు నాకు చాలా ఎదురయ్యాయి.

ఆకాశవాణిలో పాడి ఉంటే అదృష్టమే. రేడియో వాళ్ళు ఇచ్చిన కాంట్రాక్టు కాగితం, ఆడిషన్‌లో గ్రేడు వచ్చిందని తెలిపే ఉత్తరం బీరువా అడుగున ఎక్కడో ఉంటాయి. వెతికించండి. ఒక జిల్లా పేపరు కటింగు కన్నా, పది మంది నాయకుల సిఫారసు లేఖల కన్నా ఆ ఒక్క కాగితానికి బలం ఎక్కువ.

క్యాసెట్లు దొరికితే తొందరపడి టేప్ రికార్డర్లో పెట్టకండి. ఏళ్ళ తరబడి కదలని టేపు అతుక్కుని ఉంటుంది, తెగిపోతుంది. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆ పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. బూజు లేకపోతే ముందు ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నెమ్మదిగా చుట్టించి, ఆ తర్వాత ప్లే చేయాలి. క్యాసెట్ ముందు భాగంలో మధ్యన చిన్న మెత్తటి ప్యాడ్ ఉంటుంది, టేపును హెడ్‌కు ఆనించి ఉంచేది అదే. పాత క్యాసెట్లలో అది ఊడిపోయి ఉంటుంది. అప్పుడు పాట ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు వినిపిస్తే టేపు పాడైపోయిందని పారేస్తారు. పారేయకండి. మరలతో బిగించిన మరో క్యాసెట్ డబ్బాలోకి ఆ రీళ్ళు మార్చితే గొంతు మళ్ళీ స్పష్టంగా వస్తుంది. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వేవ్ ఫైలుగా (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు) దాచండి, ఎంపీ3 ఆ తర్వాత చేసుకోవచ్చు. ఒక కాపీ కుటుంబానికి, ఒకటి మీ సంఘానికి ఉంచండి. ఇంకొకటి వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది కదా, అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. పాటల్ని పరిశోధన దృష్టితో వినేవాళ్ళు అక్కడ దొరుకుతారు.

ఒక హెచ్చరిక. పాత రికార్డింగు మీద హక్కు సాధారణంగా కంపెనీది. ఆమె పాడిందే కదా అని మొత్తం పాటను మీ ఛానెల్లో పెట్టేస్తే కాపీరైట్ దెబ్బ తగులుతుంది. దాని బదులు, పాట ఇప్పుడు ఏ ఛానెల్లో ఉందో చూసి, క్యాసెట్ అట్ట ఫొటో జతచేసి "గానం దగ్గర ఈ పేరు చేర్చండి" అని మర్యాదగా మెయిల్ పెట్టండి. కొందరు రెండు రోజుల్లో చేర్చేస్తారు. కొందరు జవాబే ఇవ్వరు. జవాబు రానివాళ్ళకు నెలకోసారి మళ్ళీ రాస్తూ ఉండండి. ఈ పనికి ఖర్చు లేదు, కానీ నా దృష్టిలో దీనికి మించిన ఇండస్ట్రీ గుర్తింపు లేదు.

రాయల్టీ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. మన కాపీరైట్ చట్టంలో పాడేవాళ్ళ హక్కు 1994 సవరణతో వచ్చింది, రాయల్టీ హక్కు 2012 సవరణతో గట్టిపడింది. గాయకుల తరఫున వసూలు చేసే సంఘం 2013లో రిజిస్టరయింది. మొదట ఇస్రా అనేవారు, ఇప్పుడు వాద్యకారులనూ కలుపుకుని ఇసామ్రా అంటున్నారు. ఆమె పాటలు తానే రాసుకుని ఉంటే రచయితగా, పాటల రచయితల, సంగీత దర్శకుల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్ఎస్‌లోనూ చేరవచ్చు. అసలు సంప్రదాయంగా వస్తున్న బతుకమ్మ పాటకు రచన హక్కు ఎవరికీ ఉండదు, పాడిన గొంతుకు ఉంటుంది. అయితే చట్టంలో ఆ హక్కు రాకముందు రికార్డయిన పాటల విషయంలో వాదనకు తావుంది, అక్కడ లాయరును అడగాల్సిందే. పెద్ద మొత్తం వస్తుందని ఆమెకు ఆశ పెట్టకండి. సభ్యత్వం ఉంటే ఆమె పేరు ఒక అధికారిక జాబితాలోకి ఎక్కుతుంది, ముందు అది కావాలి.

పెన్షన్ మాట. తెలంగాణ రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఇచ్చే వృద్ధ కళాకారుల పెన్షన్‌ను 2021లో 1,500 నుంచి 3,016 రూపాయలకు పెంచారు. కేంద్ర సాంస్కృతిక శాఖకు అరవై దాటిన, ఆదాయం తక్కువగా ఉన్న కళాకారుల కోసం నెలకు 6,000 దాకా ఇచ్చే పథకం ఉంది. ఆమె ఇప్పటికే వృద్ధాప్య పెన్షనో, వితంతు పెన్షనో తీసుకుంటుంటే ఏది ఆగుతుందో ముందే కనుక్కుని దరఖాస్తు పెట్టండి. శాలువా కన్నా ముందు ఇది కావాలి. ఇంట్లో మందులకు ఇబ్బందిగా ఉన్న మనిషిని వేదిక ఎక్కించి పొగిడితే ఆమెకు లోపల ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు సన్మానం. నేను చూసిన సన్మానాల్లో ఎక్కువ భాగం గాయకులకు శిక్షే. సాయంత్రం ఐదుకని చెప్పి ఎనిమిదింటికి మొదలుపెడతారు. ఫ్లెక్సీలో పదిహేను మంది నాయకుల ఫొటోల మధ్య ఆమె ఫొటో స్టాంపు సైజులో ఉంటుంది. ముఖ్య అతిథి వచ్చాక వరుసగా ప్రసంగాలు. జనగామ వైపు ఒక సభలో ఒకామెను చివరిదాకా కూర్చోబెట్టి, శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి ఫొటో తీసి పంపేశారు. పాడమని ఎవరూ అడగలేదు. ఆమె దారిలో తన మనవరాలికి పల్లవి నేర్పించి తెచ్చుకుంది, ఇద్దరూ కలిసి పాడదామని. ఆ సంగతి మాకు బస్టాండులో తెలిసింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మీరు ఇలా చేయండి. ముందు ఆమెను అడగండి. సన్మానం కావాలా, వద్దా? కావాలంటే ఎవరు రావాలి, ఎవరు రాకపోతే బాగుంటుంది? మన ప్రాంతంలో ఇది మామూలు ప్రశ్న కాదు. ఎనభైల్లో, తొంభైల్లో పాడినవాళ్ళలో చాలామంది విప్లవ ఉద్యమ పాటలు కూడా పాడారు. కొన్ని ఇళ్ళలో ఆ రోజుల పోలీసు భయం ఇంకా పోలేదు. ఒక కుటుంబం నన్ను పక్కకు పిలిచి, ఆ పాటల ప్రస్తావన కరపత్రంలో వద్దని బతిమాలింది. వాళ్ళ మాట ప్రకారమే చేశాం. ఏది చెప్పుకోవాలో, ఏది దాచుకోవాలో నిర్ణయించే హక్కు పాడిన మనిషిదే.

కులం సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. మన జానపద గాయకుల్లో ఎక్కువమంది అట్టడుగు కులాల నుంచి వచ్చినవాళ్ళు. ఆమె పాట ఊరంతా మోగింది కానీ ఆమెను ఊరంతా పిలిచిందా? కార్యక్రమం ఆమె వాడలో పెడితే ఊరివాళ్ళు రారని, ఊరి మధ్యన పెడితే ఆమె మనుషులు ఇబ్బంది పడతారని ఎవరో ఒకరు అంటారు. నా సలహా, ఊరి మధ్యనే పెట్టండి, ముందు వరుస కుర్చీలు ఆమె వాడవాళ్ళకు కేటాయించండి.

హాలు కోసం హనుమకొండ రాకండి. కాళోజీ కళాక్షేత్రం, పబ్లిక్ గార్డెన్ దగ్గరి నేరెళ్ళ వేణుమాధవ్ కళా ప్రాంగణం మంచివే, కానీ సొంత ఊరి గుర్తింపు సొంత ఊళ్ళోనే జరగాలి. ఊళ్ళో బతుకమ్మ ఆడే చోటే మీ వేదిక. ఎంగిలిపూల రోజో, సద్దుల రోజో కాకుండా మధ్యలో ఒక రోజు ఎంచుకోండి, ఆడవాళ్ళకు తీరిక ఉంటుంది.

ఆమెతో పాడించండి, కానీ జాగ్రత్తగా. వయసుతో శ్రుతి దిగుతుంది. పాత రికార్డింగు ట్రాక్ పెట్టి దాని మీద పాడమంటే గొంతు అందదు, అందరి ముందు ఆమె చిన్నబోతుంది. హార్మోనియం మెట్ల లెక్కన ఒకప్పుడు ఐదు శ్రుతిలో పాడిన ఆడ గొంతు ఇప్పుడు మూడు దగ్గర హాయిగా ఉండవచ్చు. హార్మోనియం తెలిసిన మనిషిని వారం ముందే ఆమె ఇంటికి పంపి, ఏ శ్రుతిలో సుఖంగా ఉందో చూసుకోమనండి. పల్లవి ఆమె అందుకోవాలి, చరణాలు ఊరి అమ్మాయిలు పాడాలి, మళ్ళీ పల్లవికి ఆమె దగ్గరికి రావాలి. బతుకమ్మ పాట ఎలాగూ ఒకరు చెప్పి పదిమంది అందుకునే పాటే కదా, ఆమెకు శ్రమ తగ్గిందని ఎవరికీ అనిపించదు. మైకు మొదటి అరగంటలోనే ఆమెకు ఇవ్వండి. ప్రసంగాలు ఆ తర్వాత. ఆమెను తొమ్మిదింటికల్లా ఇంటికి చేర్చండి.

నగదు ఇస్తే బ్యాంకు ఖాతాలో వేయండి. అట్టముక్క చెక్కుతో ఫొటో దిగి, అసలు డబ్బు తర్వాత ఇస్తామనే పద్ధతి వద్దు.

పద్మశ్రీ విషయం. ఎవరైనా నామినేట్ చేయవచ్చు, ప్రభుత్వ అవార్డుల పోర్టల్‌లోనే దరఖాస్తు. నాయకుల సిఫారసు తప్పనిసరి కాదు. 2026 పద్మాలకు 2025 మార్చి 15 నుంచి జూలై 31 దాకా గడువిచ్చారు, ఏటా తేదీలు చూసుకోవాలి. కృషి గురించి 800 మాటలకు మించకుండా రాయాలి. 'గానకోకిల', 'స్వర సామ్రాజ్ఞి' లాంటి విశేషణాలతో ఆ చోటు నింపకండి. మన వైపు నుంచి ఈ మధ్య తీసుకున్నవాళ్ళను చూడండి: 2021లో గుస్సాడి నృత్యం చేసిన కనకరాజు, 2022లో కోయ కథాగానం పాడిన సకిని రామచంద్రయ్య, 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య. ముగ్గురిదీ ఒక కళారూపాన్ని నిలబెట్టిన కథ. మీ పెద్దమ్మ గురించి రాసేటప్పుడు ఎన్ని క్యాసెట్లు అమ్ముడుపోయాయో కాకుండా, ఏ ఊరి ఏ వరుస పాటలు ఆమె గొంతు వల్ల మిగిలాయో రాయండి. జాబితా ముందు చేయమన్నది ఇందుకే.

వస్తుందని మాత్రం ఆమెకు మాట ఇవ్వకండి. ఇంకో మాట, పద్మానికి డబ్బు జత ఉండదు. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం పద్మశ్రీ గ్రహీతలకు 25 లక్షలు, నెలకు 25 వేల పెన్షన్ ప్రకటించింది, అది వేరే.

ఆలస్యం గురించి అడిగారు. ఎస్. జానకి గారు 2013లో పద్మభూషణ్‌ను, చాలా ఆలస్యంగా వచ్చిందని చెప్పి తిరస్కరించారు. వాణీ జయరాం గారికి 2023 జనవరిలో ప్రకటించారు, ఫిబ్రవరి 4న ఆమె కన్నుమూశారు, చేతికి అందనే లేదు. అంత పెద్ద పేర్లకే ఇలా జరిగితే మన పల్లె గాయనుల సంగతి చెప్పేదేముంది? అయితే ఢిల్లీలోనూ ఈ లోటు గుర్తించినవాళ్ళు ఉన్నారు. 75 దాటినా ఏ జాతీయ గౌరవమూ దక్కని ఎనభై మందికి పైగా కళాకారులకు సంగీత నాటక అకాడమీ 2023లో అమృత్ అవార్డులు ఇచ్చింది. అలాంటి పిలుపు మళ్ళీ ఎప్పుడు వచ్చినా వెంటనే పంపడానికి ఫైలు సిద్ధంగా ఉండాలి. తెలుగు విశ్వవిద్యాలయం కీర్తి పురస్కారాలకూ, తెలంగాణ అవతరణ దినమైన జూన్ 2న జిల్లా స్థాయిలో చేసే సత్కారాలకూ అదే ఫైలు పనికొస్తుంది.

ఇండస్ట్రీ అంటే ఫిల్మ్ నగర్ ఒక్కటే అనుకోకండి. ఆమె పాడిన రకం పాటకు ఇవాళ ఇండస్ట్రీ కరీంనగర్, వరంగల్, సిరిసిల్ల చుట్టూ నడుస్తున్న జానపద యూట్యూబ్ ఛానెళ్ళు. అక్కడి పిల్లలు ఈమె తరం బాణీల మీదే కొత్త పాటలు కడుతున్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. వాళ్ళను తిట్టకుండా పిలవండి. ఒక యువ గాయనిని తీసుకొచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టి, ఒక సంప్రదాయ పాటను ఇద్దరితో కొత్తగా రికార్డు చేయించండి. టైటిల్లో ఇద్దరి పేర్లూ ఒకే సైజులో రావాలి. పారితోషికం ఎంతో ముందే కాగితం మీద రాసుకోండి. సినిమా పాట ఉందన్నారు కదా, ఆ సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు ఉందేమో చూసి ఆ ఫ్రేము ఫొటో తీసి ఫైల్లో పెట్టండి.

వీధికో, ఊరి వేదికకో ఆమె పేరు పెట్టించాలంటే గ్రామసభలో తీర్మానం చేయించి, దాని కాపీ తీసుకోండి. నోటి మాట మీద వదిలితే బోర్డు వానకు పోయాక మళ్ళీ పెట్టేవాళ్ళు ఉండరు.

ఈ ఆదివారం వెళ్ళినప్పుడు ముందుగా ఒకటి చూడండి. క్యాసెట్ మీద పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పాసుబుక్కులో పేరు ఒకటేనా? పుట్టింటి ఇంటిపేరుతో పాడి, అత్తింటి ఇంటిపేరుతో ఆధార్ తీసుకున్నవాళ్ళే ఎక్కువ. తేడా ఉంటే రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ చేయించండి. పెన్షన్, రాయల్టీ, నామినేషన్ మూడూ దాని దగ్గరే ఆగుతాయి. అది అయ్యాక జాబితా పంపండి, నామినేషన్ రాతలో నేను సాయం చేస్తాను.